గాస్పరే నోరు మూతపడిన వారం

యాభై తొమ్మిదేళ్ళు నిండేవరకూ గాస్పరే రూతాకి ఒంట్లో బాగుండకపోవడమంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడమే కాదు, అదొక పెద్ద చదువు చదివినట్టు చెప్పుకొనేవాడు.

"రోగాలకి నా దగ్గరికి రావాలనే ఉంటుందండీ. నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరడానికి సందు దొరక్క వెనక్కి పోతాయి," అనేవాడు.

అందులో కొంత నిజం లేకపోలేదు. ఇరవై రెండేళ్ళుగా అతను యాత్రల బస్సులో గైడు. ప్రతి సోమవారం కతానియాలో ముప్ఫై మందిని ఎక్కించుకుని ఆ దీవిలోని పాత ఊళ్ళు నోతో, షిక్లీ, మోదికా, రగూసా, సిరకూసా తిప్పి, శనివారం మళ్ళీ కతానియాలో దించేవాడు. ఆ ఆరు రోజులూ అతని నోటికి తాళం ఉండేది కాదు. గొంతు కూడా అలాంటిదే. కొండకి ఈ పక్క నిలబడి మాట్లాడితే ఆ పక్క మేకలు తల ఎత్తి చూసేవి.

జబ్బు పడేవాళ్ళంటే అతనికి చులకన. ఏ దేశంవాళ్ళకి ఏ రోజున ఏం వస్తుందో లెక్కగట్టి మరీ చెప్పేవాడు. ఎండదెబ్బ రెండో రోజు, కడుపునొప్పి మూడో రోజు, ఇంటి మీద బెంగ నాలుగో రోజు. అన్నిటికీ ఒకటే మందు: నిమ్మకాయ రసంలో ఉప్పు, పైన రెండు చీవాట్లు. పాపం, కడుపు పట్టుకుని బస్సు వెనక సీట్లో మూలిగే ముసలమ్మలని కూడా, "లేవండి లేవండి, పునీతురాలు అగతా గారు ఇంతకన్నా ఎక్కువ భరించారు," అని లేపి మెట్లు ఎక్కించేవాడు.

గాస్పరే పుట్టింది మోదికాలో, సాన్ జోర్జో చర్చి మెట్ల కింద ఇంట్లో. భార్య లేదు. చేసుకోలేదు. అక్క ఫిలిప్పా అతనికి వండిపెట్టేది. మోదికాకీ రగూసాకీ మధ్య పదిహేను కిలోమీటర్ల దూరం, ఒక లోయ. అంత దగ్గర ఉన్నవాళ్ళ మధ్యనే అంత పేచీ సాధ్యం. పైగా రెండు ఊళ్ళకీ పునీతుడు ఒకడే, సాన్ జోర్జో. ఎవరి చర్చి గొప్పది అనే విషయం మీద రెండు వందల ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తప్పిపోతున్నాయి.

గురువారం గురువారం బస్సు రగూసా కింది ఊరికి, అంటే ఇబ్లాకి వచ్చేది. ఇబ్లాలో దిగగానే గాస్పరే మొహంలో ఒక వెలుగు వచ్చేది. కూడలి మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తి చూపించేవాడు.

"చూశారా? చర్చి మనకి ఎదురుగా లేదు, కొంచెం పక్కకి తిరిగి ఉంది. ఎందుకో తెలుసా? నిన్న సాయంత్రం మీరు మోదికాలో చూసిన మా సాన్ జోర్జో గుర్తొచ్చి సిగ్గుతో మొహం తిప్పుకుంది."

నవ్వేవాళ్ళు నవ్వేవారు. కాఫీ కొట్టు దగ్గర కూర్చున్న ఇబ్లా ముసలివాళ్ళు మాత్రం పేపరు కొంచెం పైకి ఎత్తుకునేవారు.

ఆ మే నెలలో ఉత్తరాన బెర్గమో నుంచి ముప్ఫై ఒక్క మంది పెన్షన్ దారులు వచ్చారు. సోమవారం నోతో చేరకముందే బస్సులో మైకు చెడిపోయింది. డ్రైవరు పేరు మేలో. అతను దాన్ని రెండుసార్లు చేత్తో కొట్టి, ఒకసారి ఊది, పక్కన పెట్టేశాడు.

"మైకెందుకోయ్ నాకు?" అన్నాడు గాస్పరే. అని, మూడు రోజులు అరిచాడు. యాత్రికుల్లో సగం మందికి చెవులు సరిగా వినపడవు కనుక ఒక్కొక్క మాటా రెండేసి సార్లు అరిచాడు. మంగళవారం నోతోలో వాన పడితే, టోపీ లేకుండా వానలోనే నిలబడి ఒక గవర్నరు గారి ముగ్గురు ఉంపుడుగత్తెల కథ చెప్పాడు. బుధవారం పొద్దున షిక్లీలో గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు అనిపిస్తే, ముల్లు చల్లబడుతుందని మూడు గ్లాసుల నిమ్మ గ్రనీతా తిన్నాడు. మంచు తిన్నకొద్దీ ముల్లు కాస్తా మేకైంది. ఆ సాయంత్రం మోదికాలో సొంత చర్చి మెట్లు ఎక్కుతుంటే పళ్ళు టకటకలాడాయి. అక్క ఫిలిప్పా గుమ్మంలో నిలబడి చూసింది.

"ఒరే, నీ కళ్ళు చేపల కొట్లో మధ్యాహ్నం మిగిలిపోయిన చేప కళ్ళలా ఉన్నాయి. రేపు వెళ్ళకు."

"రేపు రగూసా అక్కా. చచ్చిపోయినా లేచి వెళ్తాను," అన్నాడు.

వెళ్ళాడు. గురువారం పదకొండు గంటలకి ఇబ్లాలో, కూడలి నుంచి కిందికి దిగే సన్నటి మెట్ల వీధిలో, ఒక చెక్కుడు బాల్కనీ ఉన్న ఇంటి ముందు ఆగాడు. వెనక బెర్గమోవాళ్ళంతా గొడుగులు వేసుకుని నిలబడ్డారు. తల తిరుగుతోంది. రాళ్ళన్నీ రెండేసిగా కనపడుతున్నాయి. అయినా ఊరుకున్నాడా?

"ఈ రగూసావాళ్ళు ఎంత పిసినారులంటే," అని ఎత్తుకున్నాడు, "ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందనుకోండి, ఆ వేడి వృథాగా పోకూడదని..."

అక్కడ గొంతు కోడిపుంజులా కీచుమంది. అతను ఆగి, మింగి, మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి కీచు కూడా రాలేదు. గాలి వచ్చింది. బెర్గమోవాళ్ళు ఇదీ కథలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. గాస్పరే ఆ ఇంటి గడప మీద కూర్చుండిపోయాడు. గోడకి తల ఆనించాడు. చప్పట్లు ఆగాయి.

తలుపు తెరుచుకుంది. నల్ల బట్టల్లో, చేతిలో సగం కుట్టిన చర్చి వస్త్రంతో ఒక పొట్టి ఆవిడ బయటికి వచ్చింది. పేరు సవేరియా లిచిత్రా. అరవై మూడేళ్ళు. గడప మీద కూలబడిన మనిషిని పై నుంచి కింది దాకా చూసింది.

"ఏమయ్యా, జ్వరంతో ఉడకబెట్టుకోవడానికి గుడ్డు నువ్వే తెచ్చుకున్నావా, మా ఇంట్లోది ఇవ్వమంటావా?" అంది.

అప్పుడు వంగి నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టగానే ఆ మొహంలో ఎకసెక్కం పోయింది.

"ఓరి దేవుడా, నిజంగానే ఉడుకుతుంది! పట్టండయ్యా, ఏం చూస్తారు? ఇద్దరు కాళ్ళు పట్టండి!"

అలా మోదికావాడు గాస్పరే రూతా, జీవితంలో మొదటిసారి, రగూసాలో ఒకరి ఇంట్లో కాలు పెట్టాడు. నిజానికి కాలు పెట్టలేదు. నలుగురు మోసుకుపోయి మంచం మీద పెట్టారు.

డాక్టరు కస్కోనె వచ్చాడు. ఆయనదీ ఇబ్లాయే. వీపు మీద చెవి ఆనించి విన్నాడు, గొంతులోకి దీపం వేసి చూశాడు, జ్వరం కొలిచాడు. ఎడమ ఊపిరితిత్తి గరగరలాడుతోందన్నాడు. పదిరోజులు మంచం, రోజుకి రెండు సూదులు. మలుపుల దారిలో బస్సు ప్రయాణం ఇప్పట్లో వద్దు. అంతా చెప్పాక ఒక్క క్షణం ఆగాడు, పండగ పూట మిఠాయి పొట్లం విప్పేవాడిలా.

"ఇక గొంతు సంగతి. స్వరపేటిక వాచిపోయింది. ఆరు రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, అరుపు కన్నా గుసగుస చెడ్డది. మాట్లాడావో, ఇక ఎప్పటికీ మాట్లాడవు. నేను ముప్ఫై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నాను గాస్పరే. ఒక మోదికావాడికి ఈ మందు రాసే యోగం ఇన్నాళ్ళకి పట్టింది."

గాస్పరే నోరు తెరిచాడు. సవేరియా వేలు చూపించింది. మూశాడు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డవాడు ఇంకేం చేస్తాడు?

పై ఊళ్ళో హోటళ్ళన్నీ నిండిపోయి ఉన్నాయి. "మా వెనక గది ఖాళీయే కదా, ఇక్కడే ఉండనివ్వండి," అంది సవేరియా. బస్సు డ్రైవరు మేలో గుమ్మంలో టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు.

"దోన్ గాస్పరే, మీరేం దిగులు పెట్టుకోకండి. కంపెనీకి ఫోను చేశాను. మీరు వచ్చేదాకా నన్నే చెప్పమన్నారు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను, నాకు రాదా? మీ నోట్సు పుస్తకం ఉంటే చాలు."

ఆ నోట్సు పుస్తకంలో ఉన్నవి తారీఖులు కావని, నవ్వు ఎక్కడ వస్తుందో, అక్కడ ఎంతసేపు ఆగాలో అని గాస్పరేకి తెలుసు. చెప్పాలనుకున్నాడు. చేతులు ఊపాడు. "అలాగే, ఆశీర్వాదం అందింది," అని మేలో పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సూదులు సవేరియాయే వేసింది. భర్త సారో మంచాన పడ్డ ఏడాదిలో నేర్చుకుంది. ఇప్పుడు వీధిలో సగం మందికి ఆవిడే వేస్తుంది.

"పక్కకి తిరుగు. సిగ్గెందుకు? మీ ఊరి పటంలా ఉంది, ఎత్తుపల్లాలు తప్ప ఏమీ లేవు," అంది. గాస్పరే గోడకి తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ చెయ్యి ఎంత తేలికంటే సూది దిగినట్టే తెలియలేదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేక మొహం మాత్రం నొప్పి పుట్టినట్టే పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నకి వార్త ఇబ్లా అంతా పాకింది. మోదికా గైడు సవేరియా ఇంట్లో పడి ఉన్నాడు, పైగా నోరు లేదు. ఇలాంటి అవకాశం ఊరికి తరానికి ఒకసారి వస్తుంది. ముందుగా కూడలిలో క్షవరం చేసేవాడు వచ్చాడు, గడ్డం గీస్తానన్న నెపంతో. నురగ పూశాడు, కత్తి గొంతు దగ్గర పెట్టాడు.

"గాస్పరే, సాన్ జోర్జో సాక్షిగా ఒక్క మాట అడుగుతాను. ఈ దీవి మొత్తంలో అందమైన ఊరేది? రగూసా అయితే ఊరుకో. కాకపోతే కాదని గట్టిగా చెప్పు."

గాస్పరే కళ్ళు ఎర్రబడ్డాయి.

"విన్నారా? ఒప్పుకున్నాడు!" అని కిటికీలోంచి వీధిలోకి అరిచాడు మంగలి. కింద ఎవరో ఈల వేశారు.

తరవాత చర్చి తాళాలు చూసే ముసలాయన వచ్చి, చర్చి పక్కకి ఎందుకు తిరిగి ఉందో అసలు కారణం గంటన్నరసేపు వివరించాడు. అలా నిలబెడితే కింది నుంచి ఎక్కి వచ్చేవాడికి గుమ్మటం కూడా కనపడుతుందట. గాస్పరేకి అది తెలుసు. ఇరవై రెండేళ్ళుగా తెలుసు. తెలిసిన సంగతిని మళ్ళీ మొదటి నుంచి వింటూ, మధ్యలో 'తెలుసు' అనడానికి కూడా లేకపోవడం ఎంత కష్టమో మాత్రం ఆ రోజే తెలిసింది. తన బస్సులో వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు లీలగా గుర్తొచ్చారు. వెంటనే జ్వరం వల్ల అనుకుని ఆ ఆలోచన పక్కన పెట్టేశాడు.

చేతులతో కాగితం అడిగాడు. సవేరియా కాగితమూ పెన్సిలూ ఇచ్చింది. పెద్ద అక్షరాలతో ఒక్క మాట రాశాడు: మోదికా. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని అందరికీ చదివింది.

"'మోదికా వెళ్ళను, ఇక్కడే ఉంచండి' అంటున్నాడు."

గాస్పరే కాగితం లాక్కుని కింద రెండు గీతలు గీశాడు.

"'దయచేసి' అని కూడా అంటున్నాడు," అంది సవేరియా.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. గాస్పరేది నోరూ లేదు, ఊరూ తనది కాదు. అయినా ఆ ఊరు అతన్ని బాగానే చూసింది. ఒకరు కోడిపులుసులోకి కోడిని తెచ్చారు, ఒకరు తెల్లవారే వేడివేడి రికోత్తా జున్ను తెచ్చారు, ఇంకొకరు దగ్గుకి కరూబా కాయల పాకం తెచ్చారు. ప్రతి ఒక్కళ్ళూ ఇచ్చి, "మా పిసినారితనం కొద్దీ ఇంతే తెచ్చాం," అనకుండా మాత్రం వెళ్ళలేదు.

శనివారం జ్వరం కొంచెం దిగింది. సవేరియా అతని సంచీ సర్దుతుంటే యాత్రికులకి పంచే మోదికా చాక్లెట్టు బిళ్ళలు దొరికాయి. ఒకటి విరిచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"పంచదార కరగలేదు."

గాస్పరే గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కరగకపోవడమే దాని గొప్ప! నాలుగు వందల ఏళ్ళుగా అలాగే చేస్తున్నారు! ఇదంతా కనుబొమలతో చెప్పాలని చూశాడు.

"కరిగేదాకా కలపడానికి ఓపిక లేదా మీ ఊళ్ళో?" అని, ఇంకో ముక్క విరుచుకుంది. సాయంత్రానికి ఆ బిళ్ళ లేదు. ఆదివారానికి సంచీలో ఏమీ లేవు.

ఆదివారం పూజ అయ్యాక అక్క ఫిలిప్పా బస్సులో దిగింది, ఒళ్ళో పులుసు గిన్నె పెట్టుకుని. తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోవడానికే వచ్చింది. డాక్టరు కుదరదన్నాడు కనుక కుర్చీలో కూర్చుని చుట్టూ చూసింది. దుమ్ము వెతికింది. దొరకలేదు. సవేరియా స్కాచ్చా పెట్టింది. టొమాటో, జున్ను పరిచి మడతలు వేసి కాల్చిన రొట్టె అది. మోదికాలోనూ చేస్తారు, రగూసాలోనూ చేస్తారు. మడత ఎటు వెయ్యాలన్న దాని మీదే గొడవంతా.

"ఉప్పు కొంచెం తక్కువైందమ్మా," అంది ఫిలిప్పా మొదటి ముక్క తిని.

"అవునమ్మా, మా నీళ్ళు అలాంటివి," అంది సవేరియా.

"మడత కూడా మేము ఇలా వెయ్యం," అంది రెండో ముక్క తిని.

"మీ మడత గురించి విన్నాను," అంది సవేరియా.

మూడో ముక్క ఫిలిప్పా ఏమీ అనకుండా తింది. వెళ్ళేముందు తమ్ముడి చెవి దగ్గర వంగి, "ఇది నీకు వేళకి తిండి పెడుతోంది, నేను ఒప్పుకుంటాను. ఎక్కడా అనకు," అంది. అనడానికి అతనికి వీలేదీ?

మంగళవారం మధ్యాహ్నం వీధి అంతా నిద్రపోతున్న వేళ సవేరియా కిటికీ దగ్గర కూర్చుని, ఊరేగింపులో సాన్ జోర్జో గుర్రానికి కప్పే గుడ్డ అంచు కుడుతోంది. గాస్పరే దిళ్ళకి ఆనుకుని ఉన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే మొదలుపెట్టింది, అచ్చం అతని గొంతుతో, అతను ఆగే చోట ఆగుతూ.

"'అమ్మలారా అయ్యలారా! పైన ఆ బాల్కనీ చూడండి. ఆ ఇంట్లో ఒక అందగత్తె ఉండేది. మోదికాలో ఒక కుర్రవాణ్ణి ప్రేమించింది. వస్తానన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ బాల్కనీలో ఎదురుచూస్తోంది. అతను రాలేదు. ఎందుకు రాలేదంటారా? దారిలో మొహం కడుక్కుందామని ఆగి, మోదికా చాక్లెట్టు తిని, రగూసా సంగతే మర్చిపోయాడు!'"

సవేరియా ఇప్పుడు తల ఎత్తి సొంత గొంతుతో అంది.

"ఇరవై రెండేళ్ళు. గురువారం గురువారం. ఇది నా బాల్కనీ అయ్యా. ఇందులో ఉండేది నేను. నేను బట్టలు ఆరేయడానికి బయటికి వస్తే కింద ముప్ఫై మంది 'అయ్యో పాపం' అంటారు. ఒక ఇంగ్లీషాయన నన్ను చూసి టోపీ తీశాడు. ఒక జర్మనీ ఆవిడ గుమ్మం దగ్గర పువ్వులు పెట్టి ఏడుస్తూ పోయింది. నేనప్పుడు లోపల వంకాయలు వేయిస్తున్నాను."

అతను పెన్సిలు అందుకున్నాడు. నిజానికి ఆ కథ అతను ఒక వానరోజున, ఏమీ తోచక, అప్పటికప్పుడు అల్లాడు. బాల్కనీ వెనక ఒక ఇల్లుంటుందనీ, ఇంట్లో మనిషి ఉంటుందనీ ఎన్నడూ అనుకోలేదు. జ్వరం దిగినా చెవులు వేడెక్కాయి.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను సారోతో," అంది సవేరియా. "జున్ను ఆరబెట్టే గిడ్డంగిలో పని చేసేవాడు. జున్నుకాయ మీద వేలితో కొట్టి అది ఎన్ని నెలలదో చెప్పేసేవాడు. గురక పెడితే ఈ గాజులు ఊగేవి. నీ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఒక బకెట్ నీళ్ళు పైనుంచి కుమ్మరిద్దామనుకున్నాను. ఆయనే ఆపాడు. ఆ తలుపు వెనక కుర్చీ వేసుకుని పడిపడి నవ్వేవాడు. 'ఏమే, ఆ మోదికావాడు ఇంకా రాలేదా? వస్తే నాకో చాక్లెట్టు తెమ్మను,' అనేవాడు."

సూది ఆగింది. దారం మళ్ళీ ఎక్కించుకుంది.

"ఆఖరి ఏడాది ఇదే మంచం మీద ఉన్నాడు, నువ్వున్న చోటే. గురువారం వస్తే కిటికీ తెరవమనేవాడు. 'అబద్ధాలైతేనేం, గొంతు బాగుంది,' అనేవాడు. నువ్వు ఒక వారం రాకపోతే బెంగపడ్డాడు కూడా. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేను బాల్కనీలోకి వెళ్తే, కింద వాళ్ళు అయ్యో పాపం అంటే, ముందులాగా నవ్వు రావట్లేదయ్యా. ఒంటరి ఆడది బాల్కనీలో నిలబడి ఉంది. అంతవరకూ నువ్వు చెప్పింది నిజమే అయిపోయింది."

గాస్పరే పెన్సిలుతో రాసి కాగితం చాచాడు: 'మీరు నన్ను క్షమించాలి.'

సవేరియా కాగితాన్ని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. "కళ్ళజోడు లేకుండా కనపడి చావదు. నీళ్ళు కావాలా? నీళ్ళే అయుంటుంది," అని లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

బుధవారంతో ఆరు రోజులూ పూర్తయ్యాయి. గురువారం పొద్దున డాక్టరు వచ్చి రోజుకి పది మాటలు మించకుండా మాట్లాడవచ్చన్నాడు. మాటలు పదే కదా అని గాస్పరే పొద్దుటినుంచీ పొదుపుగా దాచుకున్నాడు. కాఫీకి కూడా వేలే చూపించాడు.

పదకొండు గంటలకి కింద వీధిలో చప్పుడైంది. కొత్త బృందం. మేలో గొంతు. వారం రోజుల్లో మేలోకి గైడు పని బాగా ఒంటబట్టింది. కథలు కొత్త కొమ్మలు వేశాయి.

"అరవై ఏళ్ళుగా ఎదురుచూస్తోందండీ! కన్నీళ్ళతో ఆ రాయి అరిగిపోయింది, చూడండి! ఆ కుర్రవాడు రెండుసార్లు యుద్ధానికి వెళ్ళాడు, ఒక కాలు పోయింది..."

గాస్పరే మంచం దిగాడు. ఒంటి మీద సారో గారి రాత్రి చొక్కా, మోకాళ్ళ దాకా. కాళ్ళకి సవేరియా అల్లిన ఊలు మేజోళ్ళు. ఆవిడ "ఎక్కడికయ్యా!" అంటున్నా వినకుండా తలుపు తోసుకుని బాల్కనీలోకి వచ్చి కమ్మీ పట్టుకున్నాడు.

కింద ముప్ఫై తలలు పైకి లేచాయి. మేలో నోరు వెళ్ళబెట్టాడు. కానీ ఇరవై రెండేళ్ళు ఊరికే వినలేదు వాడు. ఒక్క క్షణంలో తేరుకున్నాడు.

"అమ్మలారా అయ్యలారా! వచ్చేశాడు!"

చప్పట్లు మారుమోగాయి. ఒకావిడ "రెండు కాళ్ళూ ఉన్నాయే!" అని ఆశ్చర్యపోయింది. కెమెరాలు టకటకలాడాయి.

గాస్పరే చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు ఒక శబ్దం వచ్చింది.

"అబద్ధం," అన్నాడు. కింద ఎవరికీ వినపడలేదు. వెనకే వచ్చిన సవేరియాకి వినపడింది.

"అబద్ధం అంటున్నాడు!" అని ఆవిడ కిందికి అరిచింది.

"ఆవిడ ఎవరికోసమూ ఎదురుచూడలేదు."

"నేను ఎవరికోసమూ ఎదురుచూడలేదట!"

"కథ నేనే అల్లాను."

"కథ ఈయనే అల్లాడట! సిగ్గుపడుతున్నాడట! ఇరవై రెండేళ్ళ నుంచీ!"

పది మాటల లెక్క ఎప్పుడో దాటింది. అతను సారో గురించి చెప్పడం మొదలుపెట్టాడు. జున్నుకాయ మీద వేలితో కొట్టడం, గురక, తలుపు వెనక కుర్చీ. ఒక్కొక్క ముక్కా ఊపిరి తీసుకుని చెబుతుంటే, సవేరియా కిందికి అందించింది. గురక సంగతి మాత్రం ఆవిడ రెండుసార్లు చెప్పింది.

"మోదికా చాక్లెట్టు ఇసుకలా ఉంటుందని కూడా అంటున్నాడు!"

"నేననలేదు!" అని గాస్పరే గింజుకున్నాడు. అదొక్కటీ గాలికే పోయింది.

కింద చప్పట్లు పడ్డాయి కానీ మునుపటంత కాదు. మర్యాదకి కొట్టినవి. ముందు వరసలో గొడుగు పట్టుకున్న ఒక పెద్దావిడ పక్కనున్న భర్తతో, "జున్నువాడికన్నా ఆ కాలు పోయిన కుర్రవాడే బాగున్నాడు," అనడం పైదాకా వినిపించింది. గాస్పరే జీవితంలో మొదటిసారి ఒక నిజం చెప్పాడు. దానికి వచ్చిన ఫలం అది.

డాక్టరు వచ్చి ఒక తిట్టు తిట్టి ఇంకో నాలుగు రోజులు నోరు కట్టేశాడు. ఆ తరవాత మేలో అతన్ని బస్సులో ముందు సీట్లో పడుకోబెట్టి మోదికాకి తీసుకుపోయాడు.

గొంతు తిరిగి వచ్చింది కానీ పూర్తిగా కాదు. సగం గొంతే. కొండకి అవతల మేకలు ఇక తల ఎత్తలేదు. కంపెనీ కొత్త మైకు పెట్టించింది. గాస్పరే ఇంకో మూడేళ్ళు ఆ పని చేశాడు. గొంతు తగ్గినందుకో ఏమో, బస్సులో ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఇప్పుడు నీడలో కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చునేవాడు. ఆ కూర్చున్నంతసేపూ వాళ్ళు తమ ఊరి గురించి చెబితే వినేవాడు. విన్నదంతా నచ్చేదని కాదు.

రగూసా మీద ఎకసెక్కాలు మాత్రం మానలేదు. మానితే అతను గాస్పరే ఎలా అవుతాడు? బాల్కనీ దగ్గర మాత్రం జున్ను గిడ్డంగి సారో కథ చెప్పేవాడు. ఎవరూ టోపీలు తియ్యలేదు, ఎవరూ ఫోటోలు పెద్దగా తియ్యలేదు. ఒక వేసవి గడిచాక సవేరియాయే, "ఏమయ్యా, ఆ జర్మనీవాళ్ళ పువ్వులు మాత్రం బాగుండేవి," అని ఒకసారి అంది.

గురువారాలు అతని భోజనం ఆ ఇంట్లోనే. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏ ఊరి సాన్ జోర్జోలో అన్న పేచీ తెమలడానికే ఇద్దరి ఆయుష్షూ చాలదు. పని మానేశాక బుధవారం, శనివారం కూడా రావడం మొదలైంది. ఫిలిప్పా గిన్నెలు పంపేది, గిన్నెలు ఖాళీగా తిరిగి వచ్చేవి కావు, వాటిలో ఇంకేదో ఉండేది.

ఆ తరవాతి ఫిబ్రవరిలో సవేరియా చర్చి మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఈసారి మంచం మీద ఆవిడ, కుర్చీలో అతను. రోజూ పేపరు చదివి పెట్టేవాడు. ముందు చావు కబుర్లు, తరవాత మిగతావి. అది ఆవిడ పెట్టిన వరస. ఎంత సగం గొంతైనా అలవాటు అలవాటే కదా, ఒక్కొక్క పేరూ కూడలిలో నిలబడి చెప్పినట్టు చదివేవాడు.

"మెల్లిగా చదవయ్యా," అంది సవేరియా ఒక పొద్దున, దిండు సర్దుకుంటూ. "పాపం వాళ్ళు నిన్నే పోయారు. ఇప్పుడే కునుకు పట్టుంటుంది."